సూదికి చచ్చిన గొల్యాతు

చిన్న మంగళారం ఊళ్లో విమలమ్మ వంటకు ఎంత పేరుందో ఆమె నోటికీ అంతే పేరుంది. పందొమ్మిదేళ్లుగా అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో వంట చేస్తోంది. చర్చిలో పుస్తకం తెరవకుండానే ఏ పాటైనా అన్ని చరణాలూ పాడుతుంది. శనివారం మహిళా కూడికలో ప్రార్థన అయ్యాక ఎవరూ లేవరు. విమలమ్మ ఏదో ఒకటి చెబుతుందని కూర్చుంటారు.

ఆమె చెప్పే వాటిలో అన్నిటికన్నా పేరు మోసింది గొల్యాతు చావు. గొల్యాతు వాళ్ల పాత కుక్క. పేరుకే బైబిల్లోని మహాకాయుడు, చూస్తే మేకపిల్లంత. పిచ్చికుక్క రోగం రాకుండా దానికి టీకా వేయించిన రోజు మూతి వాచింది. అంతవరకూ నిజమే. మొదటి ఏడాది విమలమ్మ చెప్పినప్పుడు ఆ మూతి పూరీలా పొంగింది. మరుసటేడు గుమ్మడికాయంత అయింది. ఆ పైన కళ్లు మూసుకుపోయాయి, కాళ్లు పడిపోయాయి. ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి గొల్యాతు సూది పడ్డ సాయంత్రమే విమలమ్మ ఒడిలో తలపెట్టి ప్రాణం వదిలేయడం మొదలుపెట్టింది. విన్నవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్లను చూసి ఆమెకూ నిజంగానే ఏడుపొచ్చేది.

ఊళ్లో టీకాల క్యాంపు పెట్టినప్పుడల్లా విమలమ్మ వాడ కుక్కల్లో సగం ఇల్లు కదిలేవి కావు. ఆమె ఇప్పటి కుక్క బిస్కెట్ సరేసరి. దానికా పేరు పెట్టింది మనవరాలు జెన్నీ. ఆరేళ్ల ఆ పిల్ల తను కొరికిన రొట్టె దానికి పెట్టి, అది నాకిన రొట్టె తను తింటుంది.

ఈ ఏడు వానలు పడ్డాక గోపమ్మ దూడను మోకిల దిక్కు నుంచి వచ్చిన కుక్క ఒకటి కరిచింది. గోపమ్మ భూమీ పుట్రా ఉన్న మనిషి, ఒకసారి వార్డు మెంబరు కూడా. కాటు మీద పసుపు అద్ది మరిచిపోయింది. నెల దాటాక దూడ నీళ్లు తాగలేకపోయింది, చొంగ కార్చింది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని గోపమ్మ, ఆమె కొడుకు ప్రభాకర్ దాని నోట్లో చేతులు పెట్టి వెతికారు. మూడో రోజు దూడ పోయింది. అది పిచ్చికుక్క కాటని అప్పుడు తెలిసి తల్లీకొడుకులు దవాఖానకు పరుగెత్తి వరసగా సూదులు వేయించుకున్నారు.

చూసి రావడానికి వెళ్లిన విమలమ్మ ఇంటికొచ్చేసరికి అరుగు మీద జెన్నీ, బిస్కెట్ ఒకే రొట్టె పంచుకుంటున్నారు. దూడ చొంగ గుర్తొచ్చి ఆమె ఆ రొట్టె లాక్కుంది.

మర్నాడు ఫామ్‌హౌస్‌లో ఉల్లిగడ్డలు కోస్తూ లెక్క వేసుకుంది. అక్కడి రెండు పెద్ద కుక్కలకు ఏటా సూదులు పడతాయి. వాటికి చికెన్ ఉడకబెట్టి పెట్టేది తనే. ఇన్నేళ్లలో ఒక్కదానికీ మూతి వాచలేదు. మరి గొల్యాతు? తను ఏళ్ల తరబడి చేర్చినవన్నీ ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టింది. కాళ్లు పడిపోలేదు. గుమ్మడికాయ కూడా కాదు. వాపు తెల్లారేసరికి తీసింది. గొల్యాతు పోయింది ఆ తర్వాత మూడేళ్లకు, గడ్డివాము దగ్గర పాము కరిచి. ఇంకేం మిగల్లేదు. కళ్లు తుడుచుకుంది. చేతిలో ఉల్లిగడ్డ ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు.

కానీ ఊళ్లో ఏ ముఖంతో వేయిస్తుంది? కళ్లజోడు చేయించుకుంటానని ఇంట్లో చెప్పి, ఎవరూ చూడకుండా బిస్కెట్‌ను బియ్యం సంచి మీద కూర్చోబెట్టుకుని ఆటోలో చేవెళ్ల పశువుల దవాఖానకు వెళ్లింది.

"పేరేందమ్మా?" అంది డాక్టరు. ప్రగతి అనే చిన్న వయసు పిల్ల.

"ప్రమీలమ్మ. కుక్క పేరు రాజు."

"రాజూ, ఇటు రా," అంటే బిస్కెట్ గోడ చూసింది. విమలమ్మ ఉండబట్టలేక "బిస్కెట్" అంది. వెంటనే వచ్చింది.

"తిండి పేరు చెప్తెనే వస్తడు," అని సర్దుకుంది.

ఇంతకుముందు టీకా పడిందా అని డాక్టరు అడిగితే లేదంది. తర్వాత గొంతు తగ్గించి, "మా పాత కుక్కకు ఏయిస్తె మూతి వాచింది బిడ్డా," అంది.

"చచ్చిపోయిందా?"

విమలమ్మకు కథ నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు. తెల్లారి మంచిగైంది," అంది.

"కొన్నిటికి పడదమ్మా. వాస్తది, దద్దులొస్తయి, కక్కుతయి. శాన తక్కువ. వస్తే ఎక్కువ శాతం జరసేపట్లనే తెలుస్తది, దానికి మందున్నది. అందుకే అర్ధగంట ఈడనే కూసోమంటం. నువ్వు కూసున్నవా అప్పుడు?"

"లేదు. పొయ్యి మీద చేపలపులుసు ఉండె."

"సూదితోని ఉన్న భయం గిది. ఏయకపోతే ఉన్న భయం ఇంకోటి. పిచ్చికుక్క రోగం బయటపడ్డదంటే మందు లేదు. కుక్కకు లేదు, మనిషికి లేదు. ఇంక నువ్వే చూసుకో."

వేయించింది. అర్ధగంట చాలదని గంట కూర్చుంది. బిస్కెట్ మూతిని ఎన్నిసార్లు తడిమిందంటే అది విసిగి బెంచీ కిందికి దూరింది.

ఇంటికొచ్చాక సాముయేలు కుక్కను నిమురుతూ భుజం దగ్గర చెయ్యి ఆపాడు. ఆమె భర్త నెమ్మదస్థుడు, మాట పొదుపు. "ఈడ గడ్డ లేచింది. ఏడ ఏయించినవ్?" అన్నాడు.

"ఏంది ఏయించేది?"

అతను లేచి తన పాటల పుస్తకంలోంచి ఒక పచ్చ అట్ట తీశాడు. బిస్కెట్ టీకా కార్డు. మొయినాబాద్‌లో రెండేళ్లుగా వేయిస్తున్నాడు, ఆమె శనివారం కూడికకు పోయిన వేళ చూసి. చివరి ముద్ర మార్చిలోది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"గొల్యాతును గడ్డివాము కాడ బొంద పెట్టింది నేనే గద. నీ కథ మంచిగుంటది విమలా. నడుమ నేనెందుకు చెడగొట్టాలె అనుకున్న."

తిట్టాలో నవ్వాలో ఆమెకు తెలియలేదు. ఈలోగా ఇంకో భయం పట్టుకుంది, రెండు సూదులు పడ్డాయే అని. చేవెళ్ల దవాఖాన చీటీ మీది నంబరుకు ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, నేను ప్రమీలమ్మను."

"రాజు వాళ్లమ్మనా?"

"రాజు గాదు, బిస్కెట్. ప్రమీలమ్మ గాదు, విమలమ్మ. మా ఆయన మార్చిలనే ఏయించిండంట."

అవతల డాక్టరు చాలాసేపు నవ్వింది. "ఫికర్ లేదు. ఒకటి ఎక్కువైతే ఏం గాదు, రెండు రోజులు జర నీరసముంటది. ఇంకోసారి ఇంట్ల అడిగి, కార్డు పట్టుకొని రా."

పది రోజులకు ఊళ్లో క్యాంపు పెట్టారు. విమలమ్మ ఇంటింటికీ తిరిగి కుక్కల్ని బయటికి తీయించింది. గోపమ్మ తన కుక్కను తెచ్చి అందరిముందూ అడిగింది. "నీ గొల్యాతు సూదికే చచ్చిందంటివి గదనే?"

"పాముకు చచ్చింది గోపక్కా. సూదేసిన మూడేండ్లకు."

"అయితే గిన్నేండ్లు మమ్ముల ఉత్తగనే ఏడిపించినవా?"

"ఉప్పు లేని కూర మీరు తింటరా? వాచింది మాత్రం నిజం," అంది విమలమ్మ. ముఖం ఎర్రబడింది కానీ తల దించలేదు. "దూడకు కాటు పడ్డప్పుడు నా మాట యాదికొచ్చే సూది ఏయించలేదో ఏమో. తప్పు నాదే."

గోపమ్మ కుక్కకు టీకా వేయించి ఇంటి దారి పట్టింది. విమలమ్మ అడ్డంగా నిలబడింది.

"పొయ్యి మీద పాలున్నయే," అంది గోపమ్మ.

"పొంగనీ అక్కా. అర్ధగంట," అని తన పక్కన జాగా చూపించింది. "కూసో, అసలు గా పాము ఎంత పొడుగుండెనో చెప్తా."