తుమ్మని కారు

మొన్న కాకినాడలో రోడ్డు దాటబోతుంటే, నా ముందునుంచి దూసుకెళ్తున్న ఎర్ర కారొకటి గేరు మారుస్తూ "తుస్స్" మని గట్టిగా తుమ్మింది. నేను ఠక్కున అడుగు వెనక్కి వేసి, పక్కనున్న సోడా బండి దగ్గర మంచినీళ్లు అడిగి తాగి, అప్పుడు రోడ్డు దాటాను. కారు తుమ్మితే మనిషి ఆగడమేమిటని నవ్వుకోకండి. మా భీమవరం అత్తయ్య చేతికింద పెరిగిన వాళ్లెవరైనా ఆగుతారు. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మారా, చెప్పులు విప్పి, కాసేపు కూర్చుని, గ్లాసుడు నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆ లెక్కన మా ఇంటిల్లిపాదికీ తప్పిపోయిన బస్సులకు అంతులేదు.

ఆవిడ భర్త, అంటే మా మామయ్య, రొయ్యల చెరువులు కలిసొచ్చిన ఏడాది ఒక సెకండ్‌హ్యాండ్ జర్మనీ కారు కొన్నాడు. దానికి సూపర్‌చార్జర్ ఉండేది, అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా నెట్టే పంపన్నమాట. కాలు నొక్కితే సన్నగా ఈల వేస్తూ లంఘించేది. "విన్నావట్రా అల్లుడూ!" అని మామయ్య నా మోకాలి మీద చరిచేవాడు. మేత, మందులు, ఐసు, కరెంటు కోతలు తప్ప మరో ధ్యాస లేని మనిషి, కేవలం తన సరదా కోసం కొనుక్కున్న వస్తువు జీవితంలో అదొక్కటే. అందుకే ఆ కారంటే నాకూ ప్రాణంగా ఉండేది.

వయసు మీదపడ్డాక దానికి నీరసం పట్టుకుంది. ఓసారి గోదావరి మీదున్న సిద్ధాంతం ఊరి వంతెన ఎక్కుతుంటే, కొబ్బరికాయల లోడు లారీ మమ్మల్ని దాటి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ డ్రైవరు జాలిగా హారన్ కూడా కొట్టాడు. అత్తయ్య ఆ హారన్‌ను మర్చిపోలేదు. "రాజమండ్రిలో చూపిస్తానంటున్నారుగా, నేనూ వస్తానండీ. తిరిగొచ్చేటప్పుడు ఆ వంతెన సరిగ్గా ఎక్కితే సరే. ఎక్కకపోతే మర్నాడే పాత ఇనుం కొట్టువాణ్ని పిలిపిస్తాను" అంది. మామయ్య ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

రాజమండ్రి మెకానిక్ మామయ్యకు పాత స్నేహితుడు. ఇంజను దివ్యంగా ఉందనీ, పాడైంది బైపాస్ వాల్వనీ తేల్చాడు. నాకు అర్థం కాకపోతే మామయ్యే చెప్పాడు. "చెరువు గట్టుకి తూము ఉండదూ? నీళ్లు ఎక్కువైతే తియ్యాలి, కావాల్సినప్పుడు ముయ్యాలి. ఇదీ అంతే, గాలికి తూము. మన తూము మూసుకోవట్లేదు. నెట్టిన గాలి నెట్టినట్టే వెనక్కి పోతోంది."

మెకానిక్ మూడు వాల్వులు బల్ల మీద పెట్టాడు. మొదటిది తళతళలాడే లోహపుది. నాకు చూడగానే నచ్చేసింది. మామయ్యా ముచ్చటపడ్డాడు. దాన్ని బిగించాక, అత్తయ్యను ఎక్కించుకుని షెడ్డులోంచి బయటికి తీశాడో లేదో, కారు "తుస్స్" మంది.

"ఆపండి" అంది అత్తయ్య.

"ఎక్కువైన గాలి బయటికి వదిలేస్తదండి. సౌండు కోసమే పెట్టించుకుంటారండి అందరూ" అన్నాడు మెకానిక్ గర్వంగా.

"బయల్దేరగానే తుమ్మే కారేంటండీ? గేరు మార్చినప్పుడల్లా దిగి మంచినీళ్లు తాగమంటారా నన్ను?"

వాదించే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేదు. తళతళల వాల్వు బల్ల మీదికి తిరిగొచ్చింది. మిగిలిన రెండూ గాలిని లోపలికే మళ్లించే రకాలు. ఒకటి అచ్చు కంపెనీదానిలాగే ఉన్న నకలు, రెండోది కంపెనీదే, చూడ్డానికి నల్లగా, అనాకారిగా ఉంది. మామయ్య నకలుకున్న రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని, కొబ్బరిబోండాం తాగినట్టు గాలి పీల్చాడు. మూత తెరుచుకుంది. గొట్టానికి నాలుక అడ్డుపెట్టి ఉంచితే అది అలాగే నిలబడాలి, నాలుక తీస్తే టక్కున మూసుకోవాలి. నకలు మూత నాలుక తియ్యకముందే మెల్లగా జారిపోయింది. నల్లదాన్ని పీల్చాడు. కళ్లు పెద్దవి చేసి, బుగ్గలు లోపలికి లాక్కుని, మాట్లాడలేక చెయ్యి ఊపాడు. తెరుచుకున్న మూత కదల్లేదు. నాలుక తీశాడు. టక్!

"ఇది తుమ్మదు కదా?" అంది అత్తయ్య.

"తుమ్మదండి. గాలంతా లోపలే తిప్పుకుంటదండి."

"ఇంటి గుట్టు బయటపెట్టని రకం. ఇదే పెట్టండి."

తిరుగు దారిలో రావులపాలెం దాటాం. సిద్ధాంతం వంతెన కనబడగానే మామయ్య స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. ముందు ఒక కొబ్బరికాయల లారీ వెళ్తోంది. అదే లారీ అని నేను అనను. అత్తయ్య మాత్రం అదేనని ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది. మామయ్య కాలు నొక్కాడు. ఎన్నాళ్లకో ఆ సన్నటి ఈల మళ్లీ మొదలై, పెరిగింది. నా వీపు సీటుకు అతుక్కుపోయింది. లారీ పక్కకొచ్చింది, వెనక్కి పోయింది. నాకు గట్టిగా అరవాలనిపించింది. కానీ నాకంటే ముందు అత్తయ్యే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూ, "హారన్ కొట్టండి! కొట్టండీ!" అని కేకేసింది. మామయ్య కొట్టాడు. వంతెన చివరిదాకా కొడుతూనే ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నేను గోదావరి వైపు తిరిగాను.

మామయ్య ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కారు మాత్రం ఇప్పటికీ తుమ్మకుండా ఇంటి షెడ్డులో ఉంది. ఆదివారాలు నేను స్టార్ట్ చేస్తే ఆయన అరుగు మీద కూర్చుని ఈల వింటాడు. కాలానికి ఆగి మంచినీళ్లు తాగే అలవాటు లేదు. అయినా ఆ మధ్యాహ్నం సిద్ధాంతం వంతెన మీద ఆ కాలాన్ని మేం హారన్ కొట్టి మరీ దాటేశాం.