కొస ఆకులు రెండూ దొరికిన రోజు

2022 వానాకాలం. ఒడిశాలోని రాయగడ బజారులో మా బైండింగ్ దుకాణం. విజయనగరం నుంచి వచ్చి స్థిరపడిన మాకు తాతల నాటి నుంచీ ఇదే పని. నా చేతికి తిరుగులేదని చెప్పుకు తిరిగే రోజులవి.

బంధుగాంలో ట్యూషన్ చెప్పే సత్యవతి టీచరు, కుట్టు తెగిన పాత పుస్తకమొకటి తెచ్చింది. తెలుగులోకి వచ్చిన అమెరికన్ కథలు. ఇంకో కాపీ ఎక్కడా దొరకదట. కుట్టి, గట్టి అట్ట వేసి ఇచ్చాను. మర్నాడే వానలో బస్సు దిగి, తడిసిన గొడుగుతోనే లోపలికొచ్చేసింది.

"బాబాయ్, ఆఖరి కతకి కొస ఆకులు రెండూ ఏవి?"

"అన్నీ కుట్టేనమ్మా. సరిగ్గా సూడు."

"సూసే వొచ్చేను."

ఆ కథలో కొండల మధ్య చిన్న స్టేషను. ఎవరూ తీసుకోని ఒక పెట్టెను అక్కడి పార్సిల్ గుమస్తా పన్నెండేళ్లు విప్పకుండా కాపాడతాడు. చివరికో ముసలామె వచ్చి, పెట్టె నాదేనంటూ తాళం తీస్తుంది. అక్కడితో పేజీ అయిపోయింది.

"పెట్టిలో ఏటుందో నాకూ తెల్దు. పిల్లల్తో పాటే సదువుతాను, ముందు సూడను. బంగారమని ఒకడు, పట్టుసీరని ఒకత్తి, కొట్టుకుంటన్నారు. ఆదివారం సెప్తానని మాటిచ్చేను."

"ఎక్కడి అమెరికా కతకో ఇంత గొడవేటి?"

"అది మన రాయగడ టేసనే అనుకుంటన్నారు బాబాయ్!"

నా ముఖం మాడిపోయింది. కుట్టేముందు పేజీల వరుస సరిచూడడాన్ని మేం కొలేషన్ అంటాం. వేళ్లకే తెలుస్తుందిలే అన్న పొగరుతో ఆ రోజు అది మానేశాను. ఊడిన ఆకులు చిత్తుకాగితాల్లో కలిసిపోయి ఉండాలి. ఆ చిత్తుకాగితాలనే పుస్తకం వీపుకి బలం కోసం అంటిస్తాం. దాన్ని లైనింగ్ అంటాం. ఆ వారం లైనింగ్ వేసింది ఒక్కదానికే, బోరిగుమ్మ హోమియో డాక్టరుగారి లావుపాటి పుస్తకానికి.

అదృష్టం, అదింకా పుస్తకాలు బిగించే ప్రెస్సులోనే ఉంది. ముసురు వల్ల జిగురు ఆరడం లేదని వారం రోజులుగా వానను తిట్టిపోస్తున్నాను. పైగా మాది మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన పాతకాలపు జిగురు, తడికి వదులుతుంది. తడిగుడ్డ పరిచి కాసేపు ఆగాను. అంచు పట్టుకుని మెల్లగా లాగితే ఒక ఆకు వచ్చింది. దాని వెనకే రెండోది. ఒక్క అక్షరం చెరగలేదు. హమ్మయ్య అంటూ స్టూలు మీద కూలబడ్డాను.

అద్దుడు కాగితం మీద ఆరబెడుతూ చదవడం మొదలుపెట్టాను. తెచ్చుకున్న టీ చల్లారిపోయింది.

"పైకి సదవకు బాబాయ్!" అని ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "ఆదివారం దాకా నోరిప్పకు."

ముప్పయ్యేళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను గానీ, ఒక కథ నన్నిలా పట్టుకోవడం అదే మొదలు. పెట్టె ఖాళీ. నా అన్నవాళ్లు లేని ఆ ముసలామె, తన వస్తువొకటి ఎక్కడో ఎవరో భద్రంగా చూస్తున్నారన్న ధైర్యం కోసం ఉత్త పెట్టెను పంపుకుంది. గుమస్తాకు కోపం రాలేదు. మళ్లీ తాళం వేసి, దాన్ని ఎప్పుడూ ఉండే చోటే పెట్టాడు.

ఆకులు రెండూ వాటి చోట కుట్టి, అదే రోజు పుస్తకం ఆవిడకిచ్చేశాను. సోమవారం పొద్దున్నే నేనే ఫోను చేశాను.

"పిల్లలు ఏటన్నారమ్మా? బంగారం నేదని ఉసూరుమన్నారా?"

"నేదు బాబాయ్. ఆ పట్టుసీర పిల్లే, మళ్లీ మొదట్నించీ సదవమంది. సదివేను."

అప్పటి నుంచి ప్రతి పుస్తకానికీ కుట్టేముందు ఒకసారి, కుట్టాక ఒకసారి కొలేషన్ చేస్తున్నాను. చిత్తుకాగితానికి జిగురు రాసేముందు రెండు వైపులా చదువుతున్నాను. పని ఆలస్యమవుతోందని గిరాకీలు సణుగుతారు. సణగనీ. వాళ్ల పెట్టెలు నా దగ్గరున్నాయి మరి.