ఒక్క పేరు, అన్ని అరలు

మొన్న రేషన్ కార్డులో పేరు సరిచేయించుకోవడానికి ప్రొద్దుటూరులో ఒక కంప్యూటర్ సెంటరుకు వెళ్లాను. బయట మండే ఎండ, లోపల తిరగని ఫ్యాను. పాత కంప్యూటరు వేడెక్కి, దాని వెనక పేరుకున్న దుమ్ము కాలుతున్న వాసన వచ్చింది. అంతే, నా అరచేతులు చల్లబడ్డాయి. కౌంటరు దగ్గర పిల్ల భయపడి, "ఏమైంది పెద్దమ్మా, నీళ్లు తాగుతావా?" అంది. "నాకొద్దులే తల్లీ, నీ మిషన్‌కు తాపు, అది కాగిపోతాంది" అని నవ్వించాను. నవ్వించడం నాకున్న జబ్బు. భయమేసినప్పుడు ఆ జబ్బు ఇంకా ముదురుతుంది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు గుర్తొచ్చేది ఎస్తేరమ్మ మేడం. మీరెవరూ ఆమెను చూసి ఉండరు, అందుకే చెబుతాను.

ప్రొద్దుటూరులో అప్పట్లో క్రైస్తవ మిషన్ వాళ్ల రీడింగ్ రూము ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. ఎస్తేరమ్మ మేడం దానికి లైబ్రేరియన్. తాతల కాలం నుంచీ వాళ్లింట్లో అందరూ పంతుళ్లే. సన్నటి మనిషి, గంజి పెట్టిన నూలు చీర, దారంతో మెడకు కట్టుకున్న కళ్లద్దాలు. ఆమె గొంతు ఎంత మెల్లగా ఉండేదంటే, వినాలంటే ఎదుటివాడు తన గొంతు తగ్గించుకోక తప్పేది కాదు. ఫ్యాక్షన్ రోజులవి. జమ్మలమడుగు వైపు పల్లెల్లో పాత పగలు కొత్త పార్టీ కండువాలు కప్పుకొని తిరుగుతున్న కాలం. మా రూములో కూడా ఈ పార్టీవాళ్లు చదివే పేపరు ఉన్న బల్ల దగ్గర ఆ పార్టీవాళ్లు కూర్చునేవాళ్లు కాదు. ఒకరోజు ఆమె, నేను కలిసి రెండు బల్లలనూ ఒకదానికొకటి ఆనించేశాం. "పేపర్లు పక్కపక్కన పడుకున్నా కొట్టుకోవప్పా, మీరూ కూసోండి" అంది ఆమె. కూర్చున్నారు.

నేను అక్కడ ఊడ్చే మనిషిని, పేరు ఓబులమ్మ. ఎనిమిదో తరగతి తప్పాక చదువు ఆపి చాపాడులో పెళ్లి చేశారు. అరలు దులుపుతూ ఒకరోజు, "నాకంటే ఈ చెదలే నయం మేడం, అవి పుస్తకం మొదట్నుంచి కడదాకా పోతాయి" అన్నాను. ఆమె నవ్వలేదు. "చీపురు ఆడబెట్టు. కూసో" అని, కాసేపటికే కాగి దుమ్ము వాసన కొట్టే కంప్యూటరు ముందు కుర్చీ లాగింది. ఆర్నెల్లలో నా వేళ్లు ఆమె వేళ్లకంటే వేగంగా పరిగెత్తేవి.

ఆ రోజుల్లోనే పట్నంలోని ఒక పెద్ద లైబ్రరీ తన దగ్గరున్నదంతా ఆన్‌లైన్లో పెట్టింది. పాత పేపర్లు ఒకచోట, పత్రికలు ఒకచోట, ఫోటోలు, స్కూళ్ల వార్షికోత్సవ సంచికలు మరోచోట. మొదట్లో ఏది కావాలంటే దాంట్లోకి వేరుగా పోయి వెతకాలి. తర్వాత తెర మీద అన్నిటికీ కలిపి ఒకే పెట్టె వచ్చింది. పేరు కొట్టి మీట నొక్కితే చాలు, అన్ని అరల్లోనూ ఒకేసారి గాలించి తెచ్చి ముందు పరిచేది. నాకు పండగైంది. ఎస్తేరమ్మ మేడానికి మాత్రం ముఖం ముడుచుకుపోయింది. ఆ రోజే రెండు మాటలు చెప్పింది. "కంప్యూటర్ మొగం మనవైపే ఉండాల మే. ముందు మనం చదవాల, బాగుందనుకుంటే తిప్పి చూపాల" అనేది మొదటిది. "అదేమన్నా కొత్త పెండ్లికూతురా మేడం, దాచేకి?" అన్నాను. ఆమె నా మాట వినిపించుకోకుండా రెండోది చెప్పింది. "పుస్తకం అడిగితే ఇచ్చెయ్. మనిషిని అడిగితే, ఎందుకని అడుగు."

ఒక మధ్యాహ్నం మేడం చర్చిలో ఆడవాళ్ల మీటింగుకు పోయింది. ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన లావుగా, పెద్దమనిషిలాగా ఉన్నాడు. రెండోవాడు బక్కపలచన. ఇద్దరూ చెప్పులు బయటే విడిచారు. ఆ మర్యాదకే నేను పడిపోయాను. "మా మామ పేరు యాడనో అచ్చయిందంటక్కా. కంభగిరి అని. రొంత చూస్తావా?" అన్నాడు పెద్దాయన. ఎందుకని నేను అడగలేదు. "సుబ్బారాయుడనుంటే వెయ్యిమంది లేసొస్తారప్పా. కంభగిరి అంటే ఒక్కడే. చూడు తమాషా!" అని మానిటర్ను వాళ్లవైపు తిప్పి మరీ మీట నొక్కాను.

మొదట వచ్చింది ఒక పాత పేపరు ముక్క. జమ్మలమడుగు వైపు జరిగిన హత్యలో కంభగిరి అనే మనిషి కోర్టులో సాక్ష్యం చెప్పాడని వార్త. వీళ్లు వెతికేది మామను కాదని అప్పుడు అర్థమైంది. మూసేద్దామనుకునే లోపే దాని కింద రెండోది తెరుచుకుంది. వేముల దగ్గర ఒక మిషన్ హాస్టలు వార్షికోత్సవ సంచిక. అటువంటి సంచికల్లో పనిచేసేవాళ్ల పేర్లన్నీ సొంత ఊళ్లతో సహా వేయడం మిషన్ వాళ్ల అలవాటు. వంటమనిషి కంభగిరి, పక్కనే అతని సొంతూరు. పైన ఫోటోలో పిల్లల వెనక గరిటె పట్టుకుని నవ్వుతున్నాడు. బక్కాయన గాజు మీద ఆ ముఖానికి వేలు ఆనించి, "వాడే" అన్నాడు.

"ప్రింటు తీసియ్యనా?" అన్నాను, ఏమీ తెలియనట్టే. "అక్కర్లేదు. గుర్తుండాది" అన్నాడు. నా జబ్బు ఊరుకోలేదు. "మామ దొరికె గదప్పా, మిఠాయి ఏదీ?" అన్నాను. పెద్దాయన గడప దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "తెస్తాంలే అక్కా. పనైనాక."

జీపు కదిలిన చప్పుడు విన్నాక నేను చర్చికి పరిగెత్తాను. మేడం అంతా విని గబగబా రూముకు వచ్చి ఫోను ముందు కూర్చుంది. వేములకు జీపు గంటన్నరలో పోతుంది. హాస్టలుకు చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. పిల్లలు బడిలో ఉంటారు, వార్డెను ఎక్కడో. పోలీసు స్టేషనుకు చెప్పింది. పులివెందులలో తమ చర్చి మనిషి నడిపే ఎరువుల అంగడికి చేసి, "బండేసుకొని పో నాయనా, కంభగిరిని ఆడ నుంచి లేపు" అంది. మళ్లీ హాస్టలుకు చేసింది. ఆ మోత నాకు కూడా వినిపిస్తోంది. మోగినన్నిసార్లూ, ఆ ఫోను పక్క గదిలో ఒక మనిషి ఉల్లిగడ్డలు తరుగుతూ ఉంటాడని నాకు తోచేది. జోకు ఒక్కటీ రాలేదు.

పొద్దు వాలేటప్పుడు ఫోను మోగింది. మేడం "ఊ, ఊ" అని విని పెట్టేసింది. "కూరగాయలకని పులివెందుల సంతకు వచ్చినాడంట. మన అంగడాయన ఆడనే చూసి చెప్పినాడు. సంచి ఆడనే పడేసి బస్సెక్కినాడు."

"యాడికి మేడం?"

"అడగొద్దని ఆయనకు ముందే చెప్పినా."

జీపు హాస్టలుకు చేరనే చేరిందట. వంటగదిలో అన్నం గుండిగ తన్ని పడేసి పోయారట. కంభగిరి కూతురు అదే హాస్టల్లో ఆరో తరగతి. పరీక్షలు సగంలో ఉండగానే రెండు రోజులకు ఎవరో వచ్చి ఆ పిల్లనూ తీసుకుపోయారు.

మర్నాడు నేను చీపురు తీసుకున్నాను, కంప్యూటరు వైపు చూడలేదు. మేడం కుర్చీ లాగింది. "నాకు చెయ్యి ఆడదు మేడం" అన్నాను. "తప్పు నీదే. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకొకరిని కూసోబెట్టి, వాళ్లకు ఇది తెలిసొచ్చేకి ఇంకో మనిషి ప్రాణం నేను యాడ తెచ్చేది? భయం తెలిసినదానివి. నువ్వే కూసో."

నాలుగో రోజు ఆ పెద్దాయన ఒక్కడే వచ్చాడు. మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టాడు. "మా మామ ఊరు మారినాడంటక్కా. మళ్లొకసారి చూడు." మేడం నా పక్కనే నిలబడి ఉంది. కంప్యూటరు మొహం నావైపే ఉంది. "ఎందుకప్పా?" అన్నాను. అతను పొట్లం నావైపు జరిపాడు. నేను పెట్టెలో కంభగిరికి బదులు నా పేరు కొట్టాను, ఇంటిపేరుతో సహా. మీట నొక్కాను. చక్రం తిరిగి తిరిగి, ఏమీ దొరకలేదని చెప్పింది. ఎనిమిది తప్పినదాని పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? "లేడప్పా. యాడా లేడు" అన్నాను. అతను బల్ల చుట్టూ నావైపు ఒక అడుగు వేశాడు. మేడం అడ్డంగా జరిగి, ఎప్పటిలాగే మెల్లగా, "ఎందుకని అడిగింది గదప్పా ఆయమ్మ. చెప్పు" అంది. చివరికి అతనే వెళ్లిపోయాడు. మేడం పొట్లం విప్పకుండానే చెత్తబుట్టలో వేసింది.

ఆమె పోయి చాలా ఏళ్లైంది. ఆఖరి జబ్బులో చూడబోతే, "యానాడన్నా వెతికినావా మే, ఆ మనిషిని?" అని అడిగింది. "లేదు మేడం" అన్నాను. "వెతకొద్దు. నీకు దొరికితే అందరికీ దొరుకుతాడు" అంది. ఇప్పుడు నా చేతిలో ఫోనుంది. ఆ తండ్రీకూతుళ్లు ఎక్కడున్నారో తెలుసుకోవాలని వేళ్లు లాగని రోజు లేదు. ఆపుకుంటాను. వాళ్లు ఎక్కడా దొరకకుండా ఉన్నారని నమ్ముకోవడమే నాకు మిగిలింది.

ఇది అచ్చులోకి పోతే ఇదీ ఒకనాడు ఆ పెట్టెలోకే చేరుతుంది. అందుకని చెబుతున్నాను. ఆ మనిషి పేరు కంభగిరి కాదు. హాస్టలుండేది వేముల దగ్గర కాదు. అతను చేసేది వంటపనీ కాదు. ఇది చదివి కంభగిరి అని వెతికేవాళ్లు తిరిగి ఇక్కడికే వస్తారు. రానీ. వాళ్లకు దొరికేది ఓబులమ్మ. ఎందుకప్పా అని అడుగుతుంది.