గుక్క గుక్కగా పామిడి దాకా

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. బరువు తగ్గే ఆపరేషన్ కోసం బెంగళూరు పోయినప్పుడు నాకు ఆపరేషనంటే భయం వేయలేదు. ఇంటికి తిరిగి రావడమంటేనే వేసింది. మత్తిచ్చే డాక్టరమ్మ "భయంగా ఉందా?" అని అడిగితే తల ఊపాను. ఆమె నా చెయ్యి నిమిరి ధైర్యం చెప్పింది. ఆ క్షణంలో నా కళ్ల ముందున్నది పెనుకొండలో మా మేనత్త వంటిల్లని పాపం ఆమెకేం తెలుసు!

డిశ్చార్జి అయ్యాక కొన్నాళ్లు ఆసుపత్రి దగ్గరే గది తీసుకుని ఉన్నాం, నేనూ అమ్మా నాయనా. డాక్టరు మళ్లీ చూసి, ఇక ఊరికి పోవచ్చన్నాకే నాయన కారు మాట్లాడాడు. దారికి జాగ్రత్తలు చాలా చెప్పారు. కాళ్లకు బిగుతైన మేజోళ్లు వేసుకోవాలి. గంటకోసారి దిగి కాసేపు నడవాలి, లేకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా దగ్గరి ఆసుపత్రికి పోవాలి. సీటుబెల్టుకూ పొట్టకూ మధ్య దిండు పెట్టుకోవాలి. బరువులు ఎత్తకూడదు. ఇది విని అమ్మ మొదట నా పుస్తకాల సంచీ లాక్కుంది. నీళ్లు గుక్క గుక్కగా తాగుతూనే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంకా కొన్నాళ్లు పల్చటి ద్రవాలు తప్ప ఏదీ లోపలికి పోకూడదు. కోసి కుట్టిన కడుపు, కుట్లింకా పచ్చివి.

నాయనకు పామిడిలో బట్టలంగడి. సరుకు తెచ్చేటప్పుడు దారంతా ముందే లెక్క వేసుకునే మనిషి.

"గంటకోసారి దిగల్లంటే దిగుదాం. హోటళ్లు యాల? దారిలో మన ఇండ్లే ఉండాయి. పెనుకొండలో అక్క, అనంతపురంలో మీ అన్న. బాత్రూములు శుభ్రంగా ఉంటాయి, పాప నడిచేదానికి వాకిలి ఉంటాది" అన్నాడు.

"వాళ్లకేమని చెప్పినావు?" అంది అమ్మ.

"కడుపాపరేషన్ అయిందని చెప్పినా."

"ఏం ఆపరేషనో చెప్పలేదా?"

"అదంతా ఫోన్లో యాల?"

మా వైపు ఆపరేషన్ అయిన మనిషి గడప తొక్కితే పథ్యం పెట్టాల్సిందే. వేడి అన్నం, వెల్లుల్లి కారం, పైన గిన్నెడు నెయ్యి. పచ్చి ఒళ్లుతో వచ్చిన మనిషిని ముద్ద పెట్టకుండా పంపితే ఆ ఇంటికి తలవంపులు. అందులోనూ మా అత్త! చిన్నప్పటి నుంచీ ఆమె పెట్టింది పెట్టినట్టు తిన్నాను. ఆకలై కాదు, వద్దు అనే మాట నా నోట్లోంచి బయటికి రాక. నా లావులో సగం ఆ రాని మాటదే.

అందుకే గదిలో ఉన్నన్నాళ్లూ డైరీలో మర్యాదైన వాక్యాలు రాసుకుని మనసులో వల్లె వేశాను. 'అన్యథా భావించవద్దు, వైద్యుల సూచన మేరకు ఘనాహారం స్వీకరించలేను.' చదువుకోవడానికి ఎంత బాగుందో!

పొద్దున్నే బయలుదేరాం. బాగేపల్లి దగ్గర టీ అంగడి పక్కన రెండోసారి దిగాను. పొట్టకు దిండు అదుముకుని, రోడ్డు అంచున ఇటూ అటూ నడుస్తుంటే టీ తాగేవాళ్లంతా గ్లాసులు దించి చూశారు. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం నా సిగ్గంతా పెనుకొండ కోసం దాచిపెట్టుకున్నాను.

పెనుకొండలో కారు ఆగకముందే వెల్లుల్లి వాసన ఎదురొచ్చింది. అత్త వాకిట్లో నిలబడి ఉంది.

"రా పాపా, రా. ఎంత పీక్కపోయినావే! ఏమప్పా, ఆ బెంగళూరోళ్లు బిడ్డకు తిండే పెట్టలేదా?"

బాత్రూముకు పోయి, వాకిట్లో నాలుగు చుట్లు తిరిగి వచ్చేసరికి పీట వేసి ఉంది, విస్తరి పరిచి ఉంది. అన్నం ఆవిరి కక్కుతోంది.

"వదినా, పాప గట్టివి తినకూడదు" అంది అమ్మ.

"గట్టిగా యాడుండాది? మెత్తగా వండినా. నెయ్యేసి పిసికినానంటే అట్లే జారిపోతాది."

"డాక్టరు వద్దన్నాడు వదినా."

"డాక్టరుకేం తెలుసు పథ్యం సంగతి? ముగ్గురు బిడ్డల్ని కని, మూడుసార్లూ ఇదే తిని లేసినా నేను. నా ఇంట్లో మెతుకు ముట్టకుండా పోతారా? సరే, పోండి."

ఆమె నిజంగానే నొచ్చుకుంది. నాయన నేల చూపులు చూశాడు. అక్క మాట అతనెప్పుడూ కాదనలేదు. మెల్లగా నా వైపు తిరిగి, "ఒక్క ముద్దే గదా పాపా" అన్నాడు.

అన్ని జాగ్రత్తలూ దగ్గరుండి విన్న నాయనే అలా అన్నాడు. అత్త ముద్ద కలిపి నా నోటి దాకా తెచ్చింది. డైరీలో వాక్యాల కోసం వెతికాను. ఒక్కటీ రాలేదు.

"వద్దత్తా!" అన్నాను. ఇల్లంతా వినపడేంత గట్టిగా. "నా కడుపు కోసి అరటిపండంత చేసినారు. నిలువునా కుట్లేసినారు. అది తిన్నానంటే కుట్లు తెగుతాయి. నేను ఇల్లు చేరేదానికి లేదు, మళ్లీ ఆసుపత్రికే పోవల్ల."

అత్త చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముద్దను చూసింది, నన్ను చూసింది. నేనింత పొడుగు మాట మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. తర్వాత నాయన వైపు తిరిగింది.

"ఏమప్పా, బుద్ధుండాదా నీకు? ఈ మాట ఫోన్లో చెప్పేదానికి నోట్లో ఏం పెట్టుకున్నావు? బిడ్డను చంపించేవాడివే నా చేత!"

నాయన ఆ విస్తరి ముందు కూర్చుని, తల వంచుకుని, నా పథ్యమంతా తనే తిన్నాడు. వెల్లుల్లి కారానికి ముక్కు కారుతున్నా ఆపలేదు.

అత్త నన్ను, "మరి ఏం తాగుతావు?" అని అడిగింది. ఆమె నన్ను అలా అడగడం అదే మొదటిసారి. చెప్పాను. కారం, పోపు లేని పప్పు మీది తేటను, మేము కట్టు అంటాం, పల్చని గుడ్డలో రెండుసార్లు వడగట్టింది. నేనెక్కడ గటగటా తాగేస్తానో అని బీరువాలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. చిన్నప్పుడు నాకు ఉగ్గు పట్టింది దాంతోనేనట. ఇంత మనిషిని, పసిబిడ్డలా ఆ గిన్నె ముక్కు పెదవులకు ఆనించి, గుక్కకూ గుక్కకూ మధ్య ఆగుతూ తాగుతుంటే అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. దిండు పొట్టకు అదుముకుని నవ్వాను, కుట్లు లాగకుండా.

మేము కారెక్కే లోపే అత్త దారిలో తాగేదానికని ఉగ్గుగిన్నె నా చేతిలో పెట్టి, అనంతపురం మామకు ఫోన్ చేసి, "ఏమీ వండొద్దు. కట్టు వడగట్టి పెట్టు. రెండుసార్లు వడగట్టల్ల" అని అరుస్తోంది. అనంతపురంలో మామ ఫ్లాస్కు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను వీధి చివరి దాకా నడిచి వస్తే నా పక్కనే నడిచాడు, తినమని ఒక్క మాట అనలేదు. పామిడిలో మా పక్కింటివాళ్ల దాకా కబురు పోయింది. సాయంత్రానికి మా ఇంట్లో ఐదారు గ్లాసుల కట్టు చేరింది. అవన్నీ అమ్మా నాయనా తాగాల్సి వచ్చింది.

మేజోళ్లు విప్పి పిక్కలు నొక్కి చూసుకుంటుండగా అత్త ఫోన్ చేసింది.

"కాళ్లు వాయలేదు గదా?"

"లేదత్తా."

"సరే, పండుకో. బాగయినాక రా. ఈసారి నిన్ను అడిగే వండుతాలే. వచ్చేటప్పుడు ఆ ఉగ్గుగిన్నె తీసుకురా, అది మా అమ్మది."