అమ్మ కాచిన పాలు

పక్కింట్లో బర్రె ఈనినట్టుంది. బెల్లం, యాలకులు వేసి జున్ను వండుతున్న వాసన కిటికీలోంచి వస్తోంది. మా ఇంట్లో అందరికీ నోరూరుతోంది. నాకు మాత్రం సుగుణ మేడం గుర్తొస్తున్నారు.

ఊరంతా కంప్యూటర్ కోర్సుల వెంటపడి, మాదాపూర్ క్యాబులెక్కుతున్న రోజులవి. నేను చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్‌లోని ఒక చిన్న ప్రయోగశాలకు వెళ్లేదాన్ని. "పాలసీసాలు కడిగే నౌకరి" అని మావాళ్లు ఏడిపించేవారు. హెర్పిస్ వైరస్‌ను పాలలోని ఒక ప్రోటీన్ ఆపగలదా అన్నది అక్కడి సుగుణ మేడం పరిశోధన. పెదవి మీద పొక్కులు లేపే ఆ వైరసే ఆమె ఎడమ కంటికి చేరి చూపు తీసేసింది. కుడి కన్నూ ఊరికే అలసిపోయేది. అందుకే సూక్ష్మదర్శినిలో చూసేది నేను, రాసుకునేది ఆమె. "నువ్వు చెప్పిందే నాకు ఖరారు" అనేవారు.

ఈనిన కొత్తలో పాలలో ఆ ప్రోటీన్ ఎక్కువట. మా బర్రె ఈనిన నాలుగో రోజు, కాస్తే పాలు జున్నుకట్టడం ఆగాక, రెండు సీసాల పచ్చిపాలు తెమ్మన్నారు. నేను తయారై వచ్చేసరికి అమ్మ ఒక సీసా పాలు కాచి, మళ్లీ అందులోనే పోసి పెట్టింది.

"ఎండకు ఇరుగుతయని కాచిన బిడ్డా. రెండోది కాద్దామంటే నీ బస్సు టైమాయె."

వేడి తగిలితే ఆ ప్రోటీన్ పాడవుతుందని మేడం వందసార్లు చెప్పారు. రెండు సీసాలూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. నేను నోరు విప్పకపోతే ఆమెకు తెలిసే దారే లేదు. విప్పితే నౌకరి ఉంటుందో ఊడుతుందో. దారి పొడవునా అదే గుబులు. చివరికి గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను.

మేడం నవ్వారు. "పారబొయ్యకు. కాచినవని దాని మీద రాయి. రెండూ చూద్దాం."

రెండు పళ్లేల్లో జీవకణాలు పెంచి, ఒకదానిలో పచ్చిపాల తేట, మరోదానిలో కాచిన పాల తేట పోసి, రెండింటిలోనూ వైరస్‌ను వదిలాం. మూడో రోజు సూక్ష్మదర్శినిలో చూశాను. కాచిన పాల పళ్లెంలో వైరస్‌కు కణాలు చచ్చి, పురుగు కొట్టిన గుడ్డలా అన్నీ చిల్లులే. పచ్చిపాల పళ్లెంలో కణాలు దాదాపు చెక్కుచెదరలేదు. రోజూ మా పెరట్లో పితికే పాలలో ఇంత బలమా!

"ఏమున్నది? జర జల్ది చెప్పు." మేడం కలం పట్టుకుని ముందుకు వంగారు.

చెప్పాను. ఆమె అంతా రాసుకుని కలం పక్కన పెట్టారు.

"ఇది మందు కాదు, ఇంకా శానా దూరమున్నది. నా కన్ను ఎట్లాగూ రాదు. కానీ ఆ వైరస్‌ను ఆపేటిది ఒకటున్నది, కాస్తే అది పోతదని మీ అమ్మ కాచిన పాలే చెప్పినయి గదా," అని కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పుడు నాకూ ఒక ప్రయోగశాల ఉంది. ఎవరి చేతిలో ఏది పాడైనా పారబోయనివ్వను, జరిగింది రాయించి పక్కన పెట్టిస్తాను. సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటే మాత్రం, గదిలో ఎవరూ లేకపోయినా, చూసింది పైకే చెబుతాను.