బావి దయ్యం, కొళాయి దయ్యం

మా చిన్నప్పటి దయ్యం సినిమాను మళ్ళీ తీశారని తెలిసిన రోజు అక్క ధర్మవరం నుంచి ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఆ సినిమా మళ్ళా తీసినారంట రా. ఆదివారం మ్యాట్నీకి నేను అనంతపురం వస్తాండా. నాయనను పిల్చుకొని రా. ఈసారి ఎవరు అరుస్తారో చూద్దాం."

నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో ఆ సినిమా మాట వస్తే కథ ఎవరికీ గుర్తుండదు, అక్క అరుపే గుర్తొస్తుంది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, అక్కకు పద్నాలుగు. గార్లదిన్నె దగ్గర మా ఊరి నుంచి మా ఇద్దరినీ బస్సెక్కించి అనంతపురం తీసుకొచ్చాడు నాయన. హాలు గుమ్మం దగ్గర ఆపి, "చూడండి, లోపల అరిసినోళ్ళకు ఇంగ సినిమా ల్యా" అన్నాడు. లోపల ఒక అరుపు వినిపించింది. తనే అరిచానని అక్క ఒప్పుకుంది. నాయన మాట తప్పే మనిషి కాదు. అక్కకు పెళ్ళయ్యేదాకా మళ్ళీ హాలు గడప తొక్కనివ్వలేదు. నేను మాత్రం వచ్చిన ప్రతి సినిమా చూశాను. చూసింది చాలదన్నట్టు అక్కకు అరుపులక్క అని పేరు కూడా పెట్టాను. ఆ కథను అక్క పెళ్ళిలో చెప్పాను, ఆమె కూతురి పెళ్ళిలోనూ చెప్పాను. ఇప్పుడు అక్క అత్తగారింట్లో కూడా అదే పేరు.

ఆ పేరు తుడిచేసుకోవాలని అక్క పంతం. ఆదివారం మగ్గం మీద చీర సగంలో వదిలేసి వచ్చింది. హాలు మెట్ల మీదే నాయనను పట్టుకుంది.

"మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని ముప్పై ఏండ్లు కూచున్నదాన్ని. కాళ్ళ మీద తేళ్ళు పాకినాయి, ఎలకలు పాకినాయి. ఈ దయ్యం నన్నేం చేస్తాది? నేను అరవకపోతే, నా బిడ్డ పిరికిది కాదని అందరి ముందర చెప్పల్ల."

"చెప్తాలేమ్మా" అన్నాడు నాయన.

నాయన మధ్యలో, చెరో పక్క మేము. నాయనకు చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి నేను గట్టిగానే వ్యాఖ్యానం మొదలుపెట్టాను. ఒట్టు, కొత్త సినిమా పాతదాని కాలిగోటికి సరిపోదు. పాతదాంట్లో దయ్యం బావిలోంచి వచ్చేది. నిండు బావి, గట్టు దాకా నీళ్ళు. మాకేమో అది వరసగా మూడో కరువు. తెర మీద ఆ బావి కనపడగానే హాలంతా ఈలలు వేసింది. వెనక వరసలో ఒకాయన లేచి నిలబడి, "ఏమప్పా, ఈ బాయికి మోటరు పెడితే నాలుగెకరాల చెనక్కాయ పారుతాది" అన్నాడు. ఇంకొకాయన, "నాలుగేంది, ఆరు" అన్నాడు. దయ్యం సంగతి ఎవరికీ పట్టలేదు. పాపం, అది నీళ్ళలోంచి చెయ్యి పైకి పెట్టే సమయానికి హాలు మొత్తం నీళ్ళ లెక్కలో ఉంది.

కొత్తదాంట్లో బావి లేదు. పట్నంలో పెద్ద బంగళా, దాని వెనక ఈత కొలను. నాయన కొలను వంకే చూస్తూ, "దీనికి ఎన్ని ట్యాంకర్లు తోలింటారో" అన్నాడు. ముందు వరసలో ఉన్న కుర్రాళ్ళు కూడా నవ్వారు. దయ్యం కొలనులోంచే లేస్తుందని నాకు గట్టి నమ్మకం. పాప్‌కార్న్ నములుతూ ధీమాగా కూర్చున్నాను.

అది కొలనులోంచి రాలేదు. హీరోయిన్ స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పింది. నీళ్ళు రాలేదు. గుర్రుమని గాలి వచ్చింది. ఇంకా తిప్పింది. మళ్ళీ గుర్రు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆ చప్పుడు మా అందరికీ తెలుసు. ఎండాకాలం పొద్దున్నే బిందె పెట్టుకుని కూర్చున్నవాళ్ళ గుండె జారిపోయే చప్పుడు అది. తీసినవాళ్ళకు ఇంత సంగతి తెలుసో లేదో గానీ, మా జిల్లాను భయపెట్టడానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. మూడోసారి గుర్రుమన్నప్పుడు కొళాయిలోంచి ఒక వేలు వచ్చింది.

హాలు అదిరిపోయేలా ఒక అరుపు. ఇంటర్వెల్. దీపాలు వెలిగాయి.

అరుపు తన పక్క నుంచే వచ్చిందని నాయనకు తెలిసింది గానీ, ఏ పక్కో తెలియలేదు. ఇటు చూశాడు, అటు చూశాడు.

"ఎవరు అరిసింది?"

"నేనే నాయనా" అంది అక్క.

ఆ మాట అదే గొంతుతో నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. ఎనిమిదేళ్ళప్పుడు, అందరూ నీళ్ళు చూస్తుంటే నేనొక్కడినే చెయ్యి చూసి అరిచాను. నాయన తిరిగేలోపు అక్క నా నోరు మూసి, నేనే నాయనా అంది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. తర్వాత ఆ కథ ఎంతమందికి చెప్పానంటే, చివరకు నేనే నమ్మేశాను. ఇప్పుడు పాప్‌కార్న్ అంతా నా ఒళ్ళోనే ఒలికి ఉంది. ఆమె ఎందుకోసం వచ్చిందో అది కూడా ఒక్క మాటతో వదిలేసింది. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"కాదు నాయనా, నేను. అప్పుడు గూడా నేనే."

నాయన అక్క వైపు తిరిగాడు. "మరి నువ్వని ఎందుకు చెప్పినావు తల్లీ?"

"వానికి సినిమాలంటే పిచ్చి గదా నాయనా. ఇంగ తీస్కపోవంటే ఏడుస్తాడనీ."

నాయన లేచి నిలబడి, హాలంతా వినపడేటట్టు, "నా బిడ్డ పిరికిది కాదు" అన్నాడు. ఎవరో ఈల వేశారు. అక్క ముఖం కొంగులో దాచుకుని, కుర్చీ ఊగిపోయేటట్టు నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. నాయన నా వైపు వేలు చూపించి, "నీకింగ సినిమా ల్యా, పో" అన్నాడు.

తమాషాకు అన్నాడనుకున్నాను. తర్వాతి ఆదివారం అక్క మళ్ళీ వచ్చింది. ఇద్దరినీ ఆటోలో హాలు దాకా తీసుకెళ్ళింది నేనే. నాయన టికెట్లు రెండే తీశాడు.