సాగదీత మేడం

మా ఎదురింటి మత్తు డాక్టరమ్మ పోయారు. మొన్న పొద్దున, శంషాబాద్‌లో మా ఇళ్ల మీదుగా విమానం పోయే మోత తగ్గేదాకా ఆగి, వాళ్ల అక్క గేటు దగ్గరే చెప్పింది: "చెల్లె పోయింది సారూ."

నిన్న ఆరాంఘర్ దగ్గరి ఆస్పత్రిలో సంతాప సభ. ఆమెతో పనిచేసిన సర్జన్ కళ్లు తుడుచుకుంటూ ఆమె ఓపికను పొగిడాడు. అదే నోటితో ఆమెను "సాగదీత మేడం" అన్నవాడు. నా చెవులతో విన్నాను. అప్పుడు ఆపరేషన్ బల్ల మీద పడుకున్నది నేనే.

నిరుడు ఎడమవైపు హెర్నియా. నా వంకర వెన్నులో, నడుం కింద మొద్దుబార్చే సూది కుదరదన్నారు, గుండె కూడా అంతంతమాత్రం. పూర్తిగా నిద్రపుచ్చి గొంతులో మెత్తటి గాలిగొట్టం పెట్టాలి.

"నరంలోకి మందు ఎక్కించి గొట్టం పెట్టెయ్యక, గ్యాసుతో ఇంతసేపు ఏంది, సాగదీత మేడం?" అన్నాడు సర్జన్.

"సూదిమందుతోని జల్దీ అయితది, గొట్టం సాఫీగ పోతది. కాదనను. కానీ ఊపిరి జర ఆగుతది, బీపీ పడ్తది. ఈ అన్న గుండె ఆగమైతది. గ్యాసుతోని దవడ మెల్లగ వదులైతది గానీ ఊపిరి నడుస్తనే ఉంటది. తొందరుంటే చాయ్ తాగి రాండ్రి."

నర్సు నవ్వు ఆపుకుంది. ఆయన చాయ్‌కి పోలేదు, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

డాక్టరమ్మ గ్యాసు మాస్కు నా చేతికే ఇచ్చారు. అది ఆమె పద్ధతి. "మీరే పట్టుకోండి అన్నా. చెయ్యి జారితే నేనున్న."

"ఏందమ్మా ఈ వాసన?"

"మీ ఇంటినిండ ఉన్న పాత పుస్తకాల వాసన కంటె నయమే!"

తర్వాతొకసారి ఆమెను అడిగాను, గ్యాసే గొప్పదా అని. "గట్ల కాదన్నా. గట్టి గుండె ఉన్న పడుచోడొస్తే సూదే ఇస్త. ముందు మనిషిని చూడాలె." ఇంత చదివినా, ఇంత పొట్టిగా చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు.

సభ అయ్యాక సర్జన్ దగ్గరికొచ్చాడు. "వచ్చే వారం మీ కుడివైపు ఆపరేషన్ కదా సార్. ఇప్పుడు మా దగ్గర అందరికీ సూదిమందే. చకచకా అయిపోతుంది."

"నా గుండె మాత్రం పాతదే. మీ కొత్త మత్తు డాక్టరు ముందు నా పక్కన కూర్చోవాలి. ఏది ఇస్తాడో, ఎందుకిస్తాడో నాకు చెప్పాలి. లేదంటే నేను బల్ల ఎక్కను."

"మీరూ సాగదీస్తున్నారు సార్."

"అవును. సాగదీస్తాను."

నిరుడు ఆ బల్ల మీద కళ్లు మూతపడే ముందు నాకు చివరగా తెలిసింది ఇదే: మాస్కు బరువెక్కింది, నా వేళ్లు వదులయ్యాయి, కింది నుంచి డాక్టరమ్మ అరచేయి వచ్చి ఆనింది.